కెమెరా బ్యాగు కొనేముందు త్రాసు బయటికి తీయండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. సోనీ ఏ7 ఫోర్ బాడీ, 24-70, 70-200 జీఎమ్ టూ లెన్సులు, ఒక 85 ఎఫ్/1.8, ఒక ఫ్లాష్, 13 అంగుళాల ల్యాప్‌టాప్, ఒక ట్రైపాడ్. ఇదీ మీ సరంజామా. (బాడీ అంటే లెన్సు లేని కెమెరా. జీఎమ్ టూ అంటే సోనీ మేలురకం లెన్సుల్లో రెండో తరం. 24-70 లాంటి అంకెలు లెన్సు ఫోకల్ లెంగ్త్, మిల్లీమీటర్లలో; అంకె పెరిగేకొద్దీ దూరంగా ఉన్నది దగ్గరగా కనిపిస్తుంది.) వారానికి రెండు ఫంక్షన్లు, సెలవు దొరికితే పక్షుల కోసం నడక, ఏడాదికి రెండు మూడు విమాన ప్రయాణాలు. ఇప్పుడు వాడుతున్న షోల్డర్ బ్యాగుతో ఎడమవైపు మెడ పట్టేస్తోంది. అన్నిటికీ పనికొచ్చే ఒకే బ్యాగు చెప్పమన్నారు. రేపు 200-600 లెన్సు కొంటే అది కూడా అందులో పట్టాలన్నారు.

18 ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. తొమ్మిది బ్యాగులు మార్చాను. వాటిలో ఇప్పటికీ రోజూ చేతికి వచ్చేవి రెండే. ఆ రెండు మిగలడానికి, మిగతా ఏడు పోవడానికి కారణం ఒక్కటే: ఇంట్లో ఉన్నదంతా పట్టే బ్యాగు కొంటే, ఇంట్లో ఉన్నదంతా మోస్తాం. ఖాళీ అర కనిపిస్తే అందులో ఏదో ఒకటి పెట్టకుండా ఉండలేం. అందుకే బ్యాగు కొలత ఆ రోజు పనిని బట్టి ఉండాలి, అలమారాలో ఉన్న సామాన్లను బట్టి ఉండకూడదు. మీ మెడనొప్పికి మూలం కూడా అక్కడే ఉందని నా నమ్మకం.

ముందు వంటింట్లో వాడే డిజిటల్ త్రాసు ఉంటే తీయండి. ఒక్కొక్క వస్తువూ పెట్టి కాగితం మీద రాసుకోండి. మీవి నాకు తెలిసిన లెన్సులే కాబట్టి నేనే మొదలుపెడతాను. బ్యాటరీ, కార్డు వేసిన బాడీ 658 గ్రాములు. 24-70 లెన్సు 695. 70-200 అయితే 1045, అదీ ట్రైపాడ్ కాలర్ (లెన్సును ట్రైపాడ్‌కు బిగించే కడియం) తీసేస్తే. 85 లెన్సు 371. నాలుగూ కలిపి 2769 గ్రాములు. మూడు కిలోలు కూడా లేదు కదా అనిపిస్తుంది. ఇప్పుడు మిగతావి కలపండి. ఫ్లాషూ దాని బ్యాటరీలూ అర కిలో. ల్యాప్‌టాప్ కిలోంపావు. ఛార్జర్లు, కేబుళ్లు, అదనపు బ్యాటరీలు, తుడిచే గుడ్డలు కలిపితే ఇంకో అర కిలో దాటుతుంది. ట్రైపాడ్ కిలోన్నర. లీటరు సీసా నింపితే కిలో పైనే. ఎనిమిది కిలోల దగ్గరికి వచ్చేశాం. ఇక బ్యాగు. దట్టమైన ఫోమ్ ఉన్న 25 లీటర్ల కెమెరా బ్యాక్‌ప్యాక్ ఒక్కటే రెండు కిలోల దాకా తూగుతుంది. మొత్తం పది కిలోలు.

లెన్సు కొనేటప్పుడు 100 గ్రాముల తేడా కోసం రాత్రంతా రివ్యూలు చదువుతాం. బ్యాగు సొంత బరువు మాత్రం ఎవరూ చూడరు. రెండు బ్యాగుల మధ్య 700 గ్రాముల తేడా ఉండటం మామూలే. అంటే మీ 85 లాంటి లెన్సులు దాదాపు రెండు. కాబట్టి ఏ బ్యాగు చూసినా వివరాల్లో మొదట బరువు చూడండి, తర్వాత కొలతలు, ఆ తర్వాతే అరలు.

ఇప్పుడు ఆ కాగితాన్ని మూడు భాగాలు చేయండి. ఫంక్షన్ రోజు ఏం తీసుకెళ్తారు? బాడీ, మూడు లెన్సులు, ఫ్లాష్, బ్యాటరీలు. మూడున్నర కిలోల లోపే. ల్యాప్‌టాప్, ట్రైపాడ్ అక్కడ వాడారా ఎప్పుడైనా? గుర్తు చేసుకుని నిజాయితీగా రాయండి. పక్షుల నడకకు బాడీ, 70-200, నీళ్లు, ఒక రెయిన్ కోటు చాలు. 24-70 ఇంట్లో ఉన్నా నష్టం లేదు. విమానం ఎక్కే రోజున మాత్రం అన్నీ కలిసి కదులుతాయి, కానీ ఆ రోజు మీరు ఫోటోలు తీయరు, కేవలం మోస్తారు. ఈ మూడు పనులూ ఒకదానికొకటి పోలిక లేనివి. ఒకటి చెయ్యి త్వరగా వెళ్లాల్సిన పని, ఒకటి గంటల తరబడి బరువు మోయాల్సిన పని, ఒకటి అన్నిటినీ భద్రంగా చేర్చాల్సిన పని. మూడింటికీ ఒకే బ్యాగు వాడితే మూడింటిలోనూ సర్దుకుపోవాల్సిందే.

ఫంక్షన్లకు నా ఓటు షోల్డర్ బ్యాగుకే. మెడ నొప్పి అని మీరు చెప్పాక కూడా ఇలా అంటున్నానేమిటి అనుకోకండి, కారణం ఉంది. జనం మధ్య నిలబడి లెన్సు మార్చాలంటే బ్యాగు మీ కడుపు ముందుకు రావాలి, మూత ఒక చేత్తో తెరుచుకోవాలి, చూడకుండానే లెన్సు చేతికి తగలాలి. బ్యాక్‌ప్యాక్‌తో అది కుదరదు. దింపాలి, కింద పెట్టాలి, వంగాలి, జిప్పు తీయాలి. అప్పటికి దండలు మార్చుకోవడం అయిపోతుంది. 1970ల మధ్యలో ఫిలడెల్ఫియా ఇంక్వైరర్ పత్రికలో ఫోటోగ్రాఫర్‌గా పనిచేస్తున్న జిమ్ డోమ్కీ తన పనికి తగ్గట్టు ఒక కాన్వాస్ బ్యాగు రూపొందించుకున్నారు. తర్వాత ఎఫ్-2 పేరుతో ఎందరో పత్రికా ఫోటోగ్రాఫర్ల భుజాన కనిపించింది అదే. అందులో మందపాటి ఫోమ్ లేదు. పెట్టెలా బిగుసుకుని ఉండదు, నడుముకు ఒదిగిపోతుంది, చెయ్యి లోపలికి సులువుగా వెళ్తుంది. రోజంతా తీస్తూ పెడుతూ ఉండే మనిషికి ఏం కావాలో తెలిసినవాళ్లు చేసిన వస్తువు అది. మీరు అదే కొనాలని కాదు, ఏ షోల్డర్ బ్యాగు చూసినా ఆ గుణం వెతకండి: మెత్తగా ఒంటికి ఒదగాలి, ఒక చేత్తో తెరుచుకోవాలి.

మీ మెడ పట్టేయడానికి కారణం షోల్డర్ బ్యాగు అనే రకం కాదు, దానిలో మీరు వేస్తున్న ఏడెనిమిది కిలోలు. ఒక భుజం మీద బరువు వేలాడితే ఆ భుజాన్ని పైకెత్తి నిలబెట్టడానికి మెడ పక్కన కండరం ఆగకుండా పనిచేస్తుంది. నా అనుభవంలో ఒక భుజం బ్యాగుకు మూడున్నర నాలుగు కిలోలు హద్దు. అంతకు మించితే గంటన్నరలో నడక మారిపోతుంది, ఫోటోలో హొరైజన్ కూడా వంకరపోవడం మొదలవుతుంది. పట్టీని అడ్డంగా, తల మీదుగా ఎదుటి భుజానికి వేసుకోండి. వెడల్పు కనీసం ఐదు సెంటీమీటర్లు ఉండాలి. గంటకోసారి భుజం మార్చండి. ఫంక్షన్‌లో ఒక లెన్సు ఎప్పుడూ కెమెరా మీదే ఉంటుంది కాబట్టి బ్యాగులో మిగిలేది రెండు లెన్సులూ ఒక ఫ్లాషూ మాత్రమే. రెండు కిలోలు. దాంతో మెడ పట్టదు.

స్లింగ్ బ్యాగు (ఒకే పట్టీతో ఒంటికి అడ్డంగా వేసుకునే చిన్న బ్యాగు) గురించి కూడా అడిగారు. ఆరు నుంచి పది లీటర్ల స్లింగ్ ఒక బాడీ, ఒకటి రెండు చిన్న లెన్సులతో ఊరు తిరగడానికి చక్కగా ఉంటుంది. 70-200 వేస్తే మాత్రం ఒకవైపుకు లాగుతుంది. మీకు అది కాదు.

ఇప్పుడు బ్యాక్‌ప్యాక్. ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే చాలామంది దీన్ని భుజాలతో మోసే బ్యాగు అనుకుంటారు. మంచి బ్యాక్‌ప్యాక్‌ను మోయాల్సింది తుంటి. నడుముకు రెండు పక్కలా చేతులు ఆన్చితే తుంటి ఎముక పై అంచు గట్టిగా తగులుతుంది. నడుము బెల్టు ఆ అంచు మీద కూర్చోవాలి, పొట్ట మీద కాదు. అక్కడ కూర్చుంటే బరువులో ఎక్కువ భాగం కాళ్లలోకి దిగిపోతుంది, భుజాలు బ్యాగు వెనక్కి పడకుండా పట్టుకుంటే చాలు. సన్నటి నవారు లాంటి బెల్టు ఈ పని చేయలేదు, అది బ్యాగు ఊగకుండా ఆపుతుంది అంతే. ఐదారు కిలోలు దాటే మోతకు మెత్త ఉన్న వెడల్పాటి బెల్టు ఉండి తీరాలి.

రెండోది వీపు పొడవు. తల ముందుకు వంచితే మెడ కింద ఒక ఎముక పొడుచుకొస్తుంది. అక్కడి నుంచి తుంటి ఎముక పై అంచుల ఎత్తు దాకా వెన్ను వెంబడి టేపుతో కొలిపించుకోండి. మనిషి ఎత్తుకూ దీనికీ నేరుగా సంబంధం లేదు. పొడుగు కాళ్లూ పొట్టి వీపూ ఉన్నవాళ్లు ఉంటారు. ఆ కొలత కంటే బ్యాగు చిన్నదైతే బెల్టు పక్కటెముకల మీదికి ఎక్కుతుంది, పెద్దదైతే పట్టీలు భుజం మీద ఆనకుండా గాల్లో ఉంటాయి. చాలా కెమెరా బ్యాగులు ఒకే సైజులో వస్తాయి, నాకు ఆ కంపెనీల మీద ఉన్న పెద్ద ఫిర్యాదు ఇదే. అందుకే వీపు పట్టీల ఎత్తు మార్చుకునే వీలున్న బ్యాగు దొరికితే, అరలు రెండు తక్కువైనా దాన్నే తీసుకోండి.

వేసుకునే పద్ధతి కూడా ఉంది. పట్టీలన్నీ వదులు చేయండి. బ్యాగు తగిలించుకుని ముందు నడుము బెల్టు తుంటి మీద బిగించండి. తర్వాత భుజం పట్టీలు కిందికి లాగండి, వీపుకు ఆనేంతవరకే. భుజం పైన చిన్న పట్టీలు బ్యాగు పైభాగాన్ని ముందుకు లాగుతూ ఉంటాయి, అవి ఉంటే ఇప్పుడు కాస్త బిగించండి. చివరగా ఛాతీ పట్టీ, ఊపిరికి అడ్డం రాకుండా. ఈ వరుస తప్పి ముందే భుజం పట్టీలు బిగిస్తే బెల్టు పైకి లేస్తుంది, బరువంతా మళ్లీ భుజాల మీదే. కొత్త బ్యాగు బాగాలేదని పక్కన పెట్టేసిన స్నేహితుడికి ఒకసారి ఈ వరుసలో వేసి చూపించాను. అదే బ్యాగుతో ఇప్పుడు కొండలు ఎక్కుతున్నాడు.

సర్దేటప్పుడు బరువైనవి వీపుకు దగ్గరగా పెట్టండి. ట్రైపాడ్ పక్కన కట్టేకన్నా మధ్యలో కట్టడం మేలు. పక్కన కట్టాల్సి వస్తే రెండో పక్కన నీళ్ల సీసా పెట్టి సరిచేయండి. కిలోన్నర ఒకవైపే ఉంటే రాళ్ల మీద నడిచేటప్పుడు తెలుస్తుంది.

బ్యాక్‌ప్యాక్ ఎక్కడ తెరుచుకుంటుందో కూడా చూడండి. ముందువైపు తెరుచుకునేదాన్ని వీపు వైపు నేలకు పెట్టి తెరవాలి. అంటే బురదా దుమ్మూ అన్నీ పట్టీలకు అంటుకుని తర్వాత మీ చొక్కాకు వస్తాయి. వీపు వైపు తెరుచుకునేదానికి ఆ బాధ లేదు, పైగా వేసుకుని ఉన్నప్పుడు వెనకనుంచి ఎవరూ జిప్పు తీయలేరు. బస్సుల్లో, రైళ్లలో, రద్దీలో తిరిగేవాళ్లకు ఇది చాలా నిశ్చింత. పక్కనుంచి తెరుచుకునే చిన్న ద్వారం కూడా ఉంటే, ఒక పట్టీ తీసి బ్యాగును ముందుకు తిప్పి కెమెరా తీయొచ్చు. నడకలో పక్షి కనబడినప్పుడు అదే పనికొస్తుంది. వీపు ద్వారం, ఒక పక్క ద్వారం, ఈ రెండూ ఉన్నది మీకు సరిపోతుంది.

జిప్పు గురించి ఒక విషయం మనసు పెట్టి చదవండి. చాలా ఏళ్ల క్రితం ఒక ఫంక్షన్ అయిపోయాక అలసటలో 85 లెన్సు బ్యాగులో పెట్టి, మూత వేశాను. జిప్పు లాగలేదు. ఇంకో కార్డు పెట్టాలి కదా, అప్పుడు లాగుదాం అనుకున్నాను. ఎవరో పిలిచారు. లేచి పై హ్యాండిల్ పట్టుకుని బ్యాగు ఎత్తాను. మూత తనంతట తాను వెనక్కి వాలింది, లెన్సు నా మోకాలికి తగిలి సిమెంటు నేల మీద మౌంటు (కెమెరాకు తగిలించే అంచు) వైపు నుంచి పడింది. ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. మౌంటు రింగు వంగింది, ఫోకస్ ఒకవైపు పోయింది. ఎంత ఫోమ్ ఉన్నా ఆ రోజు ఉపయోగం లేకపోయింది. నేను చూసిన నష్టాల్లో బ్యాగు కింద పడి పాడైనవాటికన్నా తెరిచి ఉన్న బ్యాగులోంచి జారిపడి పాడైనవే ఎక్కువ. అప్పటినుంచి నా అలవాటు: చెయ్యి బయటికి రాగానే జిప్పు మూసుకోవాలి, అర నిమిషంలో మళ్లీ తెరవాల్సి ఉన్నా సరే. బ్యాగు ఎంచుకునేటప్పుడు కూడా ఇది చూడండి. జిప్పు లాగకపోయినా మూత తనంతట తాను కొంతైనా పట్టుకుని ఉండే బ్యాగులు ఉన్నాయి: మూతకు అయస్కాంతమో, బకిలో, లోపలికి మడత పెట్టే అంచో ఉంటుంది. జనంలో పనిచేసేవాళ్లకు అది పెద్ద అండ.

ఇక లోపలి కొలతలు. బయటి కొలతలు చూసి కొని మోసపోవడం చాలా సులువు. లోపలి కొలత వేరు, రెండు వైపులా ఫోమ్ పోతే మూడు నాలుగు సెంటీమీటర్లు తగ్గుతాయి. మీ 70-200 పొడవు 20 సెంటీమీటర్లు, బాడీకి తగిలిస్తే 27 దాకా వస్తుంది. హుడ్ (లెన్సు ముందు తగిలించే తొడుగు) తిరగేసి తగిలించి కొలవండి, వ్యాసం కూడా కొంచెం పెరుగుతుంది. కెమెరా ఆ లెన్సుతోనే బ్యాగులో ఉండాలి, ఎందుకంటే విడదీసి పెట్టుకుంటే పక్షి కనబడేసరికి జోడించే టైమ్ ఉండదు. కాబట్టి లోపల 28 సెంటీమీటర్ల నిడివి ఉన్న ఒక వరుస మీకు తప్పనిసరి. లోతు 13 సెంటీమీటర్లకు తగ్గకూడదు. అంతకు తక్కువైతే జిప్పు మూసేటప్పుడు మూత కెమెరా మీటల్ని నొక్కుతూ ఉంటుంది, ఆన్ అయిపోయి బ్యాటరీ అయిపోయిన సందర్భాలు కూడా ఉన్నాయి.

డివైడర్లను, అంటే అరల మధ్య అడ్డుగోడలను, బ్యాగు కొన్న రోజే ఒకసారి అమర్చి వదిలేయకండి. బ్యాగు మంచం మీద పెట్టి తీరిగ్గా కూర్చోండి. లెన్సును అరలో పెట్టి బ్యాగును నెమ్మదిగా ఊపండి. చప్పుడు వస్తే అర వదులుగా ఉంది. తీసేటప్పుడు డివైడర్ కూడా లెన్సుతో పైకి వస్తే బిగుతుగా ఉంది. రెండింటికీ మధ్య ఒక స్థితి ఉంటుంది, లెన్సును రెండు వేళ్లతో పట్టుకుని లాగితే సాఫీగా వచ్చేస్తుంది. అది దొరికేదాకా వెల్క్రో పీకి మళ్లీ అంటించండి. ఒక అర ఖాళీగా వదలండి. అది కెమెరా మీదున్న లెన్సు తీసినప్పుడు దాన్ని పెట్టడానికి. ఖాళీ అర లేకపోతే లెన్సు మార్చేటప్పుడు చేతిలో రెండు లెన్సులు ఉంటాయి, పడేది అప్పుడే. ఫోమ్ బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. వేలు అడుగు దాకా దిగిపోతే అది మెత్తటి స్పాంజి, ఏడాదిలో చదునైపోతుంది. నొక్కితే ఎదురు తన్ని వెంటనే పైకి లేచేది కావాలి.

బట్ట గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు. 1000 డెనియర్, 500 డెనియర్ అని రాస్తారు. 9000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు అని లెక్క. అంకె పెరిగితే దారం లావు, సాధారణంగా బట్ట గట్టి, బరువు కూడా. 500 చుట్టూ ఉన్న నైలాన్ మీ పనికి చాలు. దానికన్నా కుట్లు చూడండి. పట్టీ బ్యాగులో కలిసే చోట అడ్డంగా, ఇంటూ గుర్తులా రెండు మూడు వరుసల కుట్టు ఉండాలి. జిప్పు పళ్లు మూసినప్పుడు వెడల్పు చూడండి, ముఖ్య ద్వారానికి సన్నటి జిప్పు వాడిన బ్యాగు వద్దు. షోల్డర్ పట్టీ తగిలించే కొక్కేలు లోహపువి అయితే మంచిది. నేను వాడిన ఒక బ్యాగుకు ప్లాస్టిక్ కొక్కెం ఉండేది. రెండేళ్లకు లోపలి అంచు అరిగి, మెట్లు దిగుతుండగా విరిగింది. చెయ్యి బ్యాగు మీదే ఉండబట్టి సరిపోయింది. లోహపు కొక్కేలు కూడా తిరిగే చోట అరుగుతాయి, మూడు నెలలకోసారి వెలుతురులో పెట్టి చూడండి.

సెకండ్ హ్యాండ్ బ్యాగు తీసుకుంటే లోపలి వైపు గోరుతో గీకండి. నీళ్లు ఆగడానికి బట్ట లోపల పూసే పాలీయురేథేన్ పూత తేమకు ఏళ్ల తరబడి కుళ్లి జిగురుగా మారి పొరలుగా ఊడుతుంది. ఆ పొడి లెన్సుల మీద పడితే తుడవడం నరకం. అలాంటిది ఎంత చవగ్గా వచ్చినా వదిలేయండి.

వాన కోసం బ్యాగుతో వచ్చే రెయిన్ కవర్ వేసుకోండి, కానీ దాని మీదే భరోసా పెట్టకండి. కవర్ వీపు వైపు ఉండదు. గంటసేపు వానలో నడిస్తే మెడ నుంచి జారిన నీళ్లు వీపు మెత్తలోకి దిగుతాయి. బాడీనీ లెన్సునూ ఒక రోల్ టాప్ (మూతి చుట్టి బిగించే) వాటర్‌ప్రూఫ్ సంచిలో పెట్టి ఆ సంచి బ్యాగులో పెట్టడం నమ్మకమైన పద్ధతి. తిరిగి వచ్చాక కవర్ విప్పి ఆరేయండి, తడి కవర్‌ను మడిచి దాని జేబులో కుక్కితే రెండో రోజుకే వాసన.

ఏసీ గది నుంచి ఉక్కపోతలోకి వెళ్లినప్పుడు లెన్సు మీద ఆవిరి కమ్ముతుంది. చల్లగా ఉన్న గాజుకు బయటి తేమ తగిలి నీటి బిందువులైపోవడం అది. మూసిన బ్యాగే దీనికి మందు. బయటికి వచ్చాక జిప్పు తీయకుండా అర గంట, మరీ తేడా ఉంటే గంట ఆగండి. సామాను నెమ్మదిగా బయటి వేడికి వస్తుంది, ఆవిరి పట్టదు. ఫంక్షన్‌కు వెళ్లేటప్పుడు ఈ సమయం ముందే లెక్కలో వేసుకోండి.

అయితే అదే మూసిన బ్యాగులో ఇంట్లో నెలల తరబడి లెన్సులు ఉంచకండి. ఫోమ్, బట్ట, వెల్క్రో అన్నీ తేమ పట్టుకుంటాయి, గాలి ఆడదు, చీకటి. లెన్సు ఫంగస్‌కు కావలసినవన్నీ అవే. గాల్లో తేమ 60 శాతం పైన చాలాకాలం ఉంటే ప్రమాదం మొదలవుతుంది, 40 నుంచి 50 మధ్య ఉంచగలిగితే మంచిది. గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, ఒక చిన్న తేమ కొలిచే మీటరు, సిలికా జెల్ ఉంటే సరిపోతుంది. జెల్ రంగు మారితే దాన్ని వేడి చేసి ఆరబెట్టి మళ్లీ వాడండి. చాలామంది ఏళ్ల క్రితం బ్యాగుతో వచ్చిన పొట్లాన్ని అలాగే ఉంచేస్తారు. అది ఎప్పుడో నిండిపోయి ఉంటుంది. బ్యాగు రవాణాకు, డబ్బా నిల్వకు.

విమానం సంగతి. చాలా ఎయిర్‌లైన్స్ చేతి సామానుకు ఏడు కిలోల హద్దు పెడతాయి. మీ లెక్కలో ట్రైపాడ్, నీళ్లు తీసేస్తే సామాను ఐదు కిలోల చిల్లర, రెండు కిలోల బ్యాగు కలిపితే ఏడు దాటుతుంది. అదే బ్యాగు కిలోన్నర అయితే దాటదు. బ్యాగు సొంత బరువు మీద ఎందుకంత పట్టుబట్టానో ఇక్కడ తెలుస్తుంది. చక్రాల కెమెరా బ్యాగులు ఖాళీగానే నాలుగు కిలోల దాకా ఉంటాయి కాబట్టి మీకు వద్దు. ట్రైపాడ్ చెక్ ఇన్ సామానులో బట్టల మధ్య పెట్టేయండి.

విడి లిథియం బ్యాటరీలు చెక్ ఇన్‌లో వేయకూడదు, క్యాబిన్‌లోకే తీసుకెళ్లాలి. ఒక్కోటి 100 వాట్ అవర్ల లోపు ఉంటే ఎయిర్‌లైన్ అనుమతి అడగక్కర్లేదు. మీ బ్యాటరీ 7.2 వోల్టులు, 2280 ఎంఏహెచ్. గుణించి వెయ్యితో భాగిస్తే 16.4 వాట్ అవర్లు. ఇబ్బందే లేదు. టెర్మినళ్లకు మూతలు పెట్టి, అన్నీ ఒకే చిన్న పర్సులో వేసి బ్యాగులో అన్నిటికన్నా పైన ఉంచండి. ఎందుకంటే విమానం నిండితే గేటు దగ్గర మీ బ్యాగు తీసుకుని కింద హోల్డ్‌లో వేస్తామంటారు. అప్పుడు బ్యాటరీలు మీ చేతికి రావాలి. అలాంటి సమయంలో అడుగున ఎక్కడో ఉన్న బ్యాటరీల కోసం అందరి ముందూ లెన్సులన్నీ నేల మీద పరచడం ఎంత టెన్షనో నాకు తెలుసు. బాడీనీ ఒక లెన్సునూ మెడలో వేసుకునే వీలు కూడా ఉంచుకోండి.

ఇప్పుడు నా సలహా సూటిగా. రెండు బ్యాగులు తీసుకోండి. ఒకటి 22 నుంచి 25 లీటర్ల బ్యాక్‌ప్యాక్: కిలోన్నర చుట్టుపక్కల బరువు, మెత్త ఉన్న నడుము బెల్టు, వీపు ద్వారం, ఒక పక్క ద్వారం, ల్యాప్‌టాప్ అర వీపుకు ఆనుకుని ఉండేది. రెండోది ఎనిమిది లీటర్ల లోపు మెత్తటి షోల్డర్ బ్యాగు, ఖాళీగా ఉన్నప్పుడు మడిస్తే పల్చగా అయ్యేది. ప్రయాణంలో అది సూట్‌కేసులో బట్టల కింద పడుకుంటుంది, చేరాక బయటికి వస్తుంది. ఇప్పుడే రెండూ కొనే వీలు లేకపోతే బ్యాక్‌ప్యాక్ కొనండి. షోల్డర్ బ్యాగు మీ దగ్గర ఎలాగూ ఉంది. అందులోంచి ల్యాప్‌టాప్, ట్రైపాడ్, ఛార్జర్లు తీసేసి రెండు ఫంక్షన్లు చేసి చూడండి. మెడ నొప్పి తగ్గితే కొత్తది అక్కర్లేదు కూడా. తగ్గకపోయినా, చేతిలోకి తిమ్మిరి దిగుతున్నా బ్యాగుల సంగతి పక్కన పెట్టి డాక్టర్‌ను కలవండి.

షాపుకు వెళ్లేటప్పుడు మీ సామానంతా తీసుకెళ్లండి. కాగితం ముద్దలు నింపిన బ్యాగును భుజాన వేసి చూస్తే ఏమీ తెలియదు. నింపి, వేసుకుని, పావుగంట అక్కడే తిరగండి. కూర్చోండి, చెప్పు సరిచేసుకోవడానికి వంగండి, కళ్లు మూసుకుని 85 తీయండి. ఆన్‌లైన్‌లో కొంటే ట్యాగులు తీయకుండా ఇదే పరీక్ష ఇంట్లో చేయండి, వెనక్కి పంపే గడువు దాటకముందే.

200-600 సంగతి చివరికి ఉంచాను. ఆ లెన్సు 318 మిల్లీమీటర్ల పొడవు, 2115 గ్రాములు. బాడీకి తగిలిస్తే 39 సెంటీమీటర్ల దాకా నిడివి. అది పట్టాలంటే బ్యాగు లోపల 40 సెంటీమీటర్లు ఉండాలి, అంటే ఇప్పుడు మీకు కావలసిన దానికన్నా చాలా పెద్ద బ్యాగు. ఇంకా కొనని లెన్సు కోసం ఆ పెద్ద బ్యాగును ప్రతి వారం ఫంక్షన్లకు, నడకలకు, విమానాలకు మోయకండి. ముందు ఆ లెన్సును ఒకసారి అద్దెకు తీసుకుని రెండు రోజులు అడవిలో తిరగండి. కొనాలని తేలితే, పొడుగు లెన్సులకని ప్రత్యేకంగా చేసే సన్నటి బ్యాగులు ఉన్నాయి, కెమెరాతో సహా నిలువుగా పడతాయి. అప్పుడు ఆ లెన్సు చేతిలో పట్టుకునే షాపుకు వెళ్లండి. వెళ్లేముందు ఇక్కడ రాస్తే కొలతలు కలిసి చూద్దాం.